ముట్టి చూడకుండా కొనాలంటే...

వాచీ, గులాబీ, మామిడి అంటు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతం నుంచి దూరాలకు వెళ్లే సరుకులివి. కొనేవాళ్లలో చాలామంది వాటిని కళ్లతో చూడకుండానే డబ్బు కడతారు. అలా కట్టించగలిగేది మంచి కేటలాగు. అది ఎలా ఉండాలి?

1987 చివర్లో బెంగళూరు సఫీనా ప్లాజాలో టైటాన్ వాచీల తొలి షోరూమ్ తెరుచుకుంది. ఆ అద్దాల అరల్లో మెరిసిన వాచీలు తయారైంది అక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో, హోసూరులో. టాటాలూ, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ ‘టిడ్కో’ కలిసి 1984లో పెట్టిన కంపెనీ అది. చుట్టుపక్కల పల్లెల్లో బడిచదువు ముగించిన కుర్రకారును ఎంచుకుని, పని నేర్పించి, వాచీలు కూర్చే బల్లల ముందు కూర్చోబెట్టారు.

అప్పటికి మన ఇళ్లలో వాచీ అంటే హెచ్‌ఎంటీ. కొట్టుకు వెళ్లడం, ఉన్నవాటిలో ఒకటి ఎంచుకుని కట్టుకురావడం. మొత్తం ఎన్ని రకాలున్నాయో, దేని వెల ఎంతో ఇంటి దగ్గరే తెలుసుకుని బయల్దేరే వీలు మామూలు మనిషికి పెద్దగా ఉండేది కాదు. టైటాన్ అక్కడే కొత్త దారి తొక్కింది. జెర్క్సెస్ దేశాయ్ నడిపించిన ఆ కంపెనీ, ప్రకటనల సంస్థ ఓగిల్వీతో కలిసి, దినపత్రికల్లో వాచీల్ని వరసలు వరసలుగా అచ్చు వేయించింది. ఒక్కో వాచీ బొమ్మ, దగ్గర్లోనే వెల. ఆ రంగంలో వాటికి ‘కేటలాగ్ యాడ్స్’ అనే పేరు స్థిరపడింది. పేపరు ముక్క చించి జేబులో పెట్టుకుని కొట్టుకు వచ్చి, ‘ఇదిగో, ఇది చూపించండి’ అని అడిగినవాళ్లు చాలామందే ఉండేవారని ఆనాటి సంగతులు తెలిసినవాళ్లు చెబుతారు.

ఆ పేపరు ముక్క చేసిన పని చిన్నది కాదు. బేరాన్ని కొట్టులోంచి ఇంట్లోకి తెచ్చింది. భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకున్నారు. పెళ్లికొడుక్కి ఏది పెట్టాలో అత్తవారు ముందే తేల్చుకున్నారు. డబ్బు ఎంత సర్దుకోవాలో లెక్క వేసుకున్నారు. గడప దాటే సరికే మనసులో కొనడం అయిపోయింది.

కేటలాగు గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు మొదట బొమ్మల సంగతి ఎత్తుతారు, తర్వాత నున్నటి కాగితం, రంగుల అచ్చు. అవీ కావాలి. కానీ సరుకు ఎదురుగా లేనివాడికి అమ్మేవాడు ఇచ్చే మాటే కేటలాగు అని నా నమ్మకం. కొట్టులో అయితే గుడ్డ అంచు మడిచి చూస్తాం, గిన్నె మోగించి చూస్తాం, మామిడిపండు ముచ్చిక దగ్గర వాసన చూస్తాం. ఇవేవీ చెయ్యలేని మనిషి మనసులో ప్రశ్నలు పుడతాయి. అతను నోరు తెరిచి అడగకముందే పేజీ మీద జవాబు ఉండాలి. ఉంటే సరుకు కదులుతుంది, లేకపోతే ఎంత అందమైన పేజీ అయినా తిప్పేసి ముందుకు పోతాడు.

అమెరికాలోనూ వాచీతోనే

హోసూరు వాచీలకు వందేళ్ల ముందు, అమెరికాలో ఓ రైల్వే స్టేషన్ ఉద్యోగి ఇదే సరుకుతో ఇదే దారి పట్టాడు. మినెసోటా రాష్ట్రంలోని నార్త్ రెడ్‌వుడ్‌లో పనిచేసే రిచర్డ్ సియర్స్. 1886లో ఒక పెట్టెడు వాచీలను ఊళ్లోని నగల వ్యాపారి తీసుకోనన్నాడు. వాటిని సియర్స్ తీసుకుని మిగతా స్టేషన్లలోని తనలాంటి ఉద్యోగులకు అమ్మాడు. 1888కల్లా వాచీలు, నగలతో అచ్చు కాగితాలు పోస్టులో పంపడం మొదలుపెట్టాడు. సియర్స్ రోబక్ కంపెనీ పుట్టుక అది. కుట్టు మిషన్ నుంచి ఇల్లు కట్టుకునే సామాను దాకా అమ్మిన ఆ లావాటి పుస్తకం 1993 వరకు వచ్చింది.

ఆయనకంటే ముందే షికాగోలో మాంట్‌గొమరీ వార్డ్ ఉన్నాడు. 1872లో 163 వస్తువుల పేర్లూ ధరలూ ఒకే ఒక్క కాగితం మీద వేసి రైతులకు పంపాడు. మూడేళ్లకు, అంటే 1875లో, నచ్చకపోతే డబ్బు వాపసు అని రాసిచ్చాడు. దూరాన ఉన్న రైతు మనసులోని అతి పెద్ద ప్రశ్న, ‘బాగా లేకపోతే నా గతేంటి?’ దానికి ఇంతకంటే సూటి జవాబు ఉండదు.

సియర్స్ ఇద్దరిలోకీ గడుసువాడు. వార్డ్ పుస్తకం కంటే తన పుస్తకాన్ని కొంచెం చిన్నదిగా కుట్టించాడట. ఇంటి ఇల్లాలు బల్ల సర్దేటప్పుడు పెద్ద పుస్తకం కిందకీ, చిన్నది పైకీ పోతాయి కదా! ఈ కథ నాకు ఇష్టం. కేటలాగు చదివే ఇల్లు ఎలా ఉంటుందో, చదివాక అది ఎక్కడ పడి ఉంటుందో అచ్చుకు ముందే ఆలోచించిన మనిషి కనిపిస్తాడు ఇందులో.

ఆయన గడుసుతనానికి చేదు పక్క కూడా ఉంది. సోఫా, రెండు కుర్చీలు నమ్మశక్యం కాని ధరకు ఇస్తామని 1889లో ఓ ప్రకటన వేశాడనీ, డబ్బు పంపినవాళ్లకు బొమ్మరింట్లో పెట్టుకునేంత సామాను వచ్చిందనీ, ‘చిన్నవి’ అన్న మాట ప్రకటనలో ఓ మూల సన్నటి అక్షరాల్లో ఉందనీ చెబుతారు. తర్వాత కంపెనీ పగ్గాలు పట్టిన జూలియస్ రోజెన్‌వాల్డ్ ఈ అతిశయోక్తులకు కళ్లెం వేశాడు. సరుకును పరీక్షించడానికి 1911లో ప్రయోగశాల పెట్టించాడు. ఎక్కువ చెప్పి అమ్మిన సరుకు తిరుగు పార్శిల్‌లో వచ్చేస్తుంది, రానూపోనూ ఖర్చు అమ్మినవాడి నెత్తినే. నిజం రాయడం నీతి ఒక్కటే కాదు, లాభం కూడా అని లెక్కల పుస్తకం చూసి తెలుసుకున్నవాడు రోజెన్‌వాల్డ్.

వెల, పోస్టేజీ అదనం

మనకు ఇదంతా పడమటి నుంచి వచ్చిన విద్యేమీ కాదు. మన దేశంలో వీపీపీ పద్ధతి 1877లోనే మొదలైంది. పార్శిల్ ఇంటికి వస్తుంది, పోస్టుమ్యాన్‌కు డబ్బిచ్చి విడిపించుకుంటాం, ఆ డబ్బు మనియార్డరుగా అమ్మినవాడికి చేరుతుంది. ఇద్దరికీ తెలిసిన మనిషి మధ్యలో ఉన్నాడు కాబట్టే ముక్కూమొహం తెలియని వ్యాపారిని పల్లెటూళ్లు నమ్మాయి. 2007లో బెంగళూరులో పుస్తకాలతో మొదలైన ఫ్లిప్‌కార్ట్, 2010లో ‘సరుకు అందాకే డబ్బు’ అనగానే ఆర్డర్లు ఎందుకు పెరిగాయో వీపీపీ తెలిసిన మన పెద్దవాళ్లను అడిగితే ఇట్టే చెప్పేవారు.

తెలుగువాళ్లకు బాగా అలవాటైన కేటలాగు పుస్తకాల జాబితా. 1854లో మద్రాసులో మొదలైన వావిళ్ల వారి కాలం నుంచి నిన్నమొన్నటి దాకా ఏ పాత తెలుగు పుస్తకం తీసినా చివరి పేజీల్లో, వెనక అట్ట మీద మిగతా పుస్తకాల పేర్లు బారులు తీరి కనిపిస్తాయి. పేరు, రచయిత, వెల. కింద ‘ప్రతులకు’ అని చిరునామా. ‘పోస్టేజీ అదనం’ అని ఒక ముక్క. బొమ్మ లేదు, పొగడ్త లేదు. అయినా అవి సరుకు అమ్మాయి. ఎందుకంటే కొనేవాడికి కావలసిన నాలుగు సంగతులూ వేలెడంత చోటులో ఉన్నాయి. ఎమెస్కో వారి ‘ఇంటింటా గ్రంథాలయం’ పథకంలో చేరిన ఇళ్లకు పుస్తకాలు పోస్టులోనే వచ్చేవి. పుస్తకాల షాపు మొహం చూడని ఊళ్లలో కూడా చెక్క బీరువాల నిండా నవలలు ఎలా చేరాయో తెలుసుకోవాలంటే ఆ పార్శిళ్లను తలుచుకోవాలి.

ఆ జాబితాల్లో ఓ లోపం ఉండేది. ‘పోస్టేజీ అదనం’ అంటే ఎంత? రాసేవారు కాదు. ఇప్పటికీ చాలామంది రాయరు. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

ఒక వాచీ, అరచేతంత చోటు

మంచి కేటలాగులో ఒక వాచీ ఎలా కూర్చుంటుందో దగ్గరగా చూద్దాం. ముళ్లు పది గంటల పది నిమిషాల దగ్గర ఉంటాయి. ప్రపంచంలో ఏ వాచీ ప్రకటన తీసినా దాదాపు ఇంతే. అప్పుడు రెండు ముళ్లూ ఒకదాని మీద ఒకటి పడవు. పన్నెండు అంకె కింద ఉండే కంపెనీ పేరు రెండు చేతుల మధ్య నిలబడినట్టు చక్కగా కనిపిస్తుంది. తేదీ చూపే గడి మూడు దగ్గర ఉన్నా ఆరు దగ్గర ఉన్నా మూసుకుపోదు. ఇది కేవలం ముచ్చట కాదు. కొనేవాడు చూడాల్సినదేదీ దాచకుండా బొమ్మ తీయడం ఎలాగో చెప్పే పాఠం.

తర్వాత కొలత. వాచీ బొమ్మను పేజీకి పట్టినంత పెద్దది చేస్తే మెరుస్తుంది గానీ మణికట్టు మీద ఎంత ఉంటుందో తెలియదు. అసలు సైజులోనే అచ్చు వేయడం అన్నిటికన్నా మంచిది, అప్పుడు కాగితాన్ని చేతి మీద పెట్టుకుని చూసుకోవచ్చు. ఫోను తెరల కాలంలో అది కుదరదు, తెర తెరకూ బొమ్మ సైజు మారిపోతుంది. అలాంటప్పుడు చేతికి కట్టుకున్న బొమ్మ ఒకటి తప్పనిసరి. దాంతోపాటు అంకెలు. 2002లో హోసూరు నుంచి వచ్చిన టైటాన్ ఎడ్జ్ గొప్పతనమంతా ఒక్క అంకెలో ఉంది, మందం 3.5 మిల్లీమీటర్లు. దాని కోసం ఎన్ని విశేషణాలు గుప్పించినా ఆ అంకె చెప్పినంత చెప్పలేవు. పక్క నుంచి తీసిన బొమ్మ లేకపోతే ఆ అంకె కూడా సగమే చెబుతుంది. ఎదురుగా చూస్తే అన్ని వాచీలూ గుండ్రటి బిళ్లలే కదా.

ఇక అంకె రాసి కూడా తప్పుదోవ పట్టించే పద్ధతి ఒకటుంది. ‘నీటి నిరోధకత 30 మీటర్లు’ అని రాస్తారు. చదివినవాడు దానితో బావిలో దూకవచ్చు అనుకుంటాడు. ఆ అంకె ప్రయోగశాల పరీక్షకు సంబంధించింది. నిత్యజీవితంలో దాని అర్థం చేతులు కడుక్కుంటే, నాలుగు చినుకులు పడితే ఫరవాలేదని మాత్రమే. ఈతకు పనికిరాదు. ఈ ఒక్క వాక్యం పక్కన రాసిన కంపెనీని నేను జీవితాంతం నమ్ముతాను.

కాడ పొడవే ధర

హోసూరు చుట్టుపక్కల డెంకణీకోట, తళి, బాగలూరు వైపు వెళితే దారి పొడవునా పాలిథిన్ గుడారాలు. లోపల గులాబీలు. చల్లటి వాతావరణం, ఎర్ర నేల, అందుబాటులో బెంగళూరు విమానాశ్రయం. అముదగొండపల్లి దగ్గర టిడ్కో భాగస్వామిగా ‘తాన్‌ఫ్లోరా’ పూల పార్కు కూడా వచ్చింది. వాచీలకు చేయి కలిపిన సంస్థే పూలకూ కలిపింది. జనవరి చివరి నుంచి ఇక్కడ తీరిక ఉండదు, ఫిబ్రవరి 14కు సింగపూరు, మలేసియా, ఆస్ట్రేలియా, గల్ఫ్ దేశాలకు పూలు చేరాలి.

అక్కడి కొనుగోలుదారు ఈ తోటను ఎన్నడూ చూసి ఉండడు. పువ్వేమో వారం పది రోజుల సరుకు. మరి ఏ నమ్మకంతో కొంటాడు? అన్నీ కొలతలే. రకం పేరు మొదట, ఎరుపైతే తాజ్‌మహల్, తెలుపైతే అవలాంచ్, పసుపైతే గోల్డ్ స్ట్రైక్. తర్వాత కాడ పొడవు, 40 సెంటీమీటర్లా, 50, 60, 70 సెంటీమీటర్లా. తర్వాత మొగ్గ ఎంత విచ్చుకున్నప్పుడు కోశారు. తర్వాత కట్టకు ఎన్ని కాడలు, సాధారణంగా 20.

గ్రేడింగ్ షెడ్డులో ఈ కట్ట కట్టే పని చూడాలి. కోసిన కాడలు బకెట్ల నీళ్లలో నిలబడి ఉంటాయి. కొలతలు గీసిన బల్ల మీద ఒక్కో కాడను పరిచి పొడవు చూస్తారు. వంకర కాడ, మచ్చ పడ్డ రేక, నలిగిన ఆకు పక్కకు పోతాయి. ఒకే పొడవున్నవి ఇరవై తీసి, మొగ్గలన్నీ ఒకే మట్టానికి రాకుండా రెండు అంతస్తులుగా పేర్చి, ముడతల అట్ట చుట్టి, కాడల చివర్లు సమంగా కోసి రబ్బరు వేస్తారు. అక్కడి నుంచి చల్లటి గది. ‘60 సెం.మీ.’ అని చీటీ పడిందంటే కట్టలో ఒక్క కాడ కూడా యాభై ఉండకూడదు. ఉందా, అవతలివాడు తర్వాతి ఆర్డరు మరొకరికి ఇస్తాడు.

కేటలాగు రాసేవాళ్లు నేర్చుకోవాల్సింది ఇక్కడ చాలా ఉంది. ‘అందమైన పెద్ద గులాబీలు’ అని రాస్తే ఎవరి కళ్లకు పెద్దవి? కొనేవాడూ అమ్మేవాడూ ఒకే బద్దతో కొలిచే మాట రాస్తే తగాదాకు తావుండదు. గులాబీ రైతులు తమ ధరల పట్టికలో కవిత్వం రాయరు. కానీ ఆ పట్టిక నమ్మి వేల మైళ్ల అవతల పూల అంగడి తలుపులు తీస్తుంది.

కొలతకు లొంగనిది రంగు. అచ్చులో ఎరుపు ఎప్పుడూ మోసం చేస్తుంది. ఫోనులో మరీ. చీరలు అమ్మేవాళ్లు ‘రంగులో స్వల్ప తేడా ఉండవచ్చు’ అని ఒక ముక్క రాసి చేతులు దులుపుకుంటారు. అదే చీరను పగటి వెలుతురులో ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి బొమ్మ తీసి రెండూ పక్కపక్కన పెడితే ఎంత బాగుంటుంది! ఖర్చేమీ లేదు, కిటికీ దగ్గరికి నడవాలి, అంతే.

ఎకరాకు నలభయ్యా, నూట అరవయ్యా?

కృష్ణగిరి వైపు వస్తే మామిడి రాజ్యం. తమిళనాడులో మామిడి అనగానే మొదట చెప్పే జిల్లా ఇది. తోతాపురి కాయ ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. ఏటా కృష్ణగిరిలో జరిగే అఖిల భారత మామిడి ప్రదర్శనలో పళ్లాల్లో కాయలు పేర్చి, పక్కన పేరు చీటీ పెట్టి, వరసగా చూపిస్తారు. మల్గోవా, సేందూరా, బంగినపల్లి, నీలం, అల్ఫాన్సో. ఆ బల్లల మధ్య నడుస్తుంటే కేటలాగు పేజీల్లో నడిచినట్టే ఉంటుంది.

ఈ జిల్లాలో సందూరు లాంటి ఊళ్లు అంటు మొక్కలకు పేరుపొందాయి. సరిహద్దు దాటితే కుప్పం. అక్కడి నుంచి చిత్తూరు, అనంతపురం దాకా మొక్కలు కావలసిన తెలుగు రైతులు ఉన్నారు. వాళ్ల ఫోన్లకు వచ్చే మొక్కల బొమ్మలు చూస్తే బాధ కలుగుతుంది. పచ్చటి ఆకులు, ఒక పండు బొమ్మ ఎక్కడి నుంచో తెచ్చి అతికించింది, పైన ‘అన్ని రకాల మొక్కలు లభించును’ అని పెద్ద అక్షరాలు, కింద ఫోను నంబరు. మంచి మొక్క పెంచడానికి పడ్డ శ్రమలో పదో వంతు ఈ బొమ్మ మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

మామిడి మొక్క కొనే రైతు మనసులో ఏముందో చూడండి. ఎకరాకు ఎన్ని పడతాయి? పాత పద్ధతిలో చెట్టుకూ చెట్టుకూ పది మీటర్ల ఎడం, అంటే ఎకరాకు దాదాపు 40 మొక్కలు. అయిదు మీటర్ల ఎడంతో దగ్గర దగ్గరగా నాటితే సుమారు 160. మొక్క ధర ఎంతైనా ఖర్చు నాలుగింతలు తేడా. ఏ రకం ఏ ఎడానికి ఒదుగుతుంది? ఇదే జిల్లాలోని పైయూరు పరిశోధనా కేంద్రం నీలం నుంచి తీసిన ‘పైయూరు-1’ లాంటి పొట్టి రకాలు దగ్గర నాటుకు సరిపోతాయి. గుబురుగా పెరిగే రకానికి అలా కుదరదు. ఎన్నో ఏట కాపు? ఏటేటా కాస్తుందా, ఏడాది విడిచి ఏడాదా? కాయ పచ్చడికా, పండుకా, గుజ్జు ఫ్యాక్టరీకా? మొక్క వయసెంత, ఎత్తెంత, అంటు ఎక్కడ కట్టారు? దారిలో ఎండిపోతే ఎవరిది పూచీ?

ఈ ప్రశ్నలకు జవాబులన్నీ నర్సరీ యజమానికి నోటి మీదే ఉంటాయి. ఫోను చేసిన ప్రతివాడికీ రోజంతా చెబుతూనే ఉంటాడు. అవే మాటలు ఒక్కసారి కాగితం మీద పెడితే, రకానికి అరపేజీ చొప్పున, పది రకాలకు అయిదు పేజీలు. తోతాపురిని బెంగళూరా అనేవారూ కలెక్టరు కాయ అనేవారూ ఆ పేజీ చదువుతారు కాబట్టి మూడు పేర్లూ వేయాలి. బొమ్మలు మూడు చాలు. కాపు మీదున్న చెట్టు, పక్కన నిలబడ్డ మనిషితో. కోసిన పండు, పక్కన రూపాయి బిళ్లతో. అమ్మబోయే మొక్క, సంచితో సహా, అంటు కట్టిన చోటు కనిపించేలా. చాలామంది మొదటి రెండూ వేసి మూడోది వదిలేస్తారు. రైతు డబ్బిచ్చేది ఆ మూడోదానికే!

ధర దాచిన పేజీ

ఇప్పుడు ధర సంగతి. ‘వెల కోసం ఇన్‌బాక్స్ చేయండి’, ‘ధరకు సంప్రదించండి’. చీరలకు, ఊరగాయలకు, మొక్కలకు అందరూ ఇదే పాట. ఫోను చేయించుకుంటే మాటల్లో పెట్టి అమ్మేయవచ్చని అమ్మేవారి ఆశ. కానీ వెల అడగడానికి మొహమాటపడే మనిషి మనలో చాలామందిలో ఉన్నాడు. అడిగి, ఎక్కువనిపించి, వద్దని చెప్పడం మరీ మొహమాటం. అందుకే అడగకుండానే వెళ్లిపోతాడు. అలా వెళ్లిపోయినవాళ్ల లెక్క అమ్మేవారికి ఎప్పటికీ తెలియదు. ధర దాచడం కొనేవాడి పట్ల అమర్యాద అని నేను గట్టిగా నమ్ముతాను.

చట్టం కూడా ఇదే చెబుతోంది. ఆన్‌లైన్‌లో అమ్మే ప్యాకెట్ సరుకుకు గరిష్ఠ చిల్లర ధర, నికర పరిమాణం, తయారీదారు చిరునామా లాంటివి తెర మీదే చూపించాలని 2018 జనవరి 1 నుంచి నిబంధన ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఇంకో అడుగు వేసి, మొత్తం ధరను ఒకే అంకెగా చెప్పి, అందులో ఏది ఎంతో విడదీసి చూపమన్నాయి. పోస్టేజీ అదనం అంటే కుదరదు, ఎంతో చెప్పాలి. మొక్కలకైతే పది వరకు ఇంత, పాతిక వరకు ఇంత, వందైతే వ్యానులో ఇంత అని చిన్న పట్టిక వేస్తే రైతు తనే లెక్క కట్టుకుంటాడు. పక్క ఇంటివాడితో కలిసి వంద తెప్పించుకుంటే లాభమని కూడా తెలుసుకుంటాడు.

ఎవరి భాషలో?

హోసూరులో ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం, ఆఫీసులో తమిళం. ఈ ప్రాంతపు మనిషికి మూడూ మంచినీళ్ల ప్రాయం. కానీ మాట్లాడే భాషా చదివే భాషా ఒకటి కాని ఇళ్లు పెరుగుతున్నాయి. తమిళనాడులో 2006 చట్టంతో బడిలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. అవ్వ తెలుగు చదువుతుంది, మనవడు తమిళం చదువుతాడు, ఇద్దరూ తెలుగులోనే మాట్లాడుకుంటారు. ఆ ఇంటికి వెళ్లే కేటలాగు ఇంగ్లీషులో ఉంటోంది.

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో సియర్స్ కేటలాగు తన కొనుగోలుదారులకు, మీకు వచ్చిన ఏ భాషలోనైనా రాయండి, చేతిరాత బాగా లేకపోయినా ఫరవాలేదు, సరుకు పంపుతాం అని చెప్పేది. అప్పుడే వలస వచ్చిన రైతులు ఎందరికో ఇంగ్లీషు రాదు. వాళ్ల ఉత్తరాలు చదివించే ఏర్పాటు కంపెనీ చేసుకుంది. ఇవాళ హోసూరు వ్యాపారి దగ్గర ఆపాటి ఏర్పాటుకు కావలసినదంతా ఉంది, మూడు భాషలూ మాట్లాడే మనుషులు అతని కొట్టులోనే ఉన్నారు. పేజీలో ఎడమ తెలుగు, కుడి తమిళం, మధ్యలో అందరికీ ఒక్కటే అయిన అంకెలు. కుప్పం, మదనపల్లెలకు వెళ్లే ప్రతిలో తెలుగు ఒక్కటే చాలు. తెలుగులో రాయడం భాష మీద దయ చూపడం కాదు. అవ్వ చేతిలోనే కదా ఇంటి డబ్బు ఉండేది!

మధ్య పేజీలో ఆర్డరు ఫారం

కాగితం మీద అచ్చు వేసేవాళ్లకు పాతకాలపు మెయిలార్డరు వ్యాపారులు కొన్ని కిటుకులు వదిలి వెళ్లారు. పుస్తకం తనంతట తాను తెరుచుకునేది పిన్నులు కొట్టిన మధ్య పేజీలో, అందుకే ఆర్డరు ఫారం అక్కడ కుడతారు. బాగా అమ్ముడుపోయే సరుకు మొదటి పేజీల్లో, వెనక అట్ట మీద. కొంతమంది మొహమాటానికి అన్ని సరుకులకూ సమానంగా చోటు ఇస్తారు, అది నష్టం. ఒక సరుకు పేజీలో ఎంత చోటు తిన్నదో కొలిచి, అది తెచ్చిన అమ్మకాన్ని ఆ చోటుతో భాగిస్తే ఏది తన అద్దె తాను కట్టుకుంటుందో తెలిసిపోతుంది. వచ్చేసారి దానికి చోటు పెంచి, కట్టుకోనిదానికి తగ్గించాలి. కుప్పానికి పంపిన ప్రతుల మీద ఒక గుర్తు, మదనపల్లెకు పంపినవాటి మీద మరో గుర్తు వేస్తే, ఏ ఊరి నుంచి ఆర్డర్లు వస్తున్నాయో ఫారం చూడగానే అర్థమవుతుంది.

ఫారం దగ్గరే చాలామంది తడబడతారు. చిరునామాకు గోరంత చోటు ఇస్తారు. మన చిరునామాల్లో ‘రామాలయం వెనక వీధి’ కూడా పట్టాలి. పిన్‌కోడ్‌కు ఆరు గళ్లు, ఫోనుకు పది గళ్లు విడిగా గీయాలి. ప్రతి సరుకుకూ ఒక నంబరు ఉండాలి. ఆ నంబరు బొమ్మ దగ్గర, వివరం దగ్గర, ఫారంలో ఒకటే అయి ఉండాలి. ఫోన్లో ఆర్డరిచ్చే కాలంలో ఇది మరీ ముఖ్యం. ‘ఆ మూడో వరసలో ఎర్రది’ అని చెబితే వచ్చేది ఇంకేదో. నంబరు చెబితే అదే వస్తుంది.

అచ్చుకు ఇచ్చే ముందు ఆ పేజీని, ఆ సరుకు గురించి బొత్తిగా తెలియని మనిషికి చూపించడం మంచి పరీక్ష. మామిడి పేజీ అయితే వాచీల ఫ్యాక్టరీలో పనిచేసే బంధువుకు. అతను అడిగిన ప్రశ్నలన్నీ రాసుకోవాలి. పక్కన కూర్చుని వివరించకూడదు. కొనేవాడి ఇంట్లో మనం ఉండం కదా. అచ్చయ్యాక ఫోన్లో వచ్చే ప్రశ్నల్ని కూడా పుస్తకంలో రాసి పెట్టుకుంటే, రెండో ముద్రణకు కావలసినదంతా చేతిలో ఉంటుంది.

మొక్కల కేటలాగు చేయాలనుకునే కృష్ణగిరి నర్సరీలకు ఒక్క మాట. వానలకు ముందు నాటాలనుకునే రైతు మార్చి, ఏప్రిల్‌కల్లా ఏ మొక్కో తేల్చుకుంటాడు. అంటే ఫిబ్రవరికి పేజీలు అతని చేతికి చేరాలి. ఫిబ్రవరిలో చెట్టు మీద పూతే తప్ప కాయ ఉండదు. కాయ బొమ్మలు అంతకు ముందు సంవత్సరం మే, జూన్‌లలోనే తీసి పెట్టుకోవాలి. ఎండ నడినెత్తికి రాకముందు, ఉదయం పూట, ఒక్కో రకం దగ్గర రూపాయి బిళ్ల, కొలబద్ద పెట్టి, వెనక తెల్ల గుడ్డ పట్టుకోవడానికి ఒక మనిషిని వెంట తీసుకెళితే ఒక ఉదయంలో పది రకాలు పూర్తవుతాయి.